బండెడు మట్టితో పరాసుల దేశానికి

ఆ రోజుల్లో పరదేశం వెళ్ళడానికి ఓడ ఎక్కనక్కరలేదు. పెద్దాపురంలో బండి కట్టుకుని, కాకినాడ మీదుగా తాళ్ళరేవు దాటితే చాలు, యానాం వచ్చేసేది. యానాం పరాసుల దొరతనంలో ఉండేది. (ఫ్రెంచివాళ్ళని మేము పరాసులనేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి అదీ విడమరిచి చెప్పాల్సి వస్తోంది.) అక్కడి మనుషులు మనలాగే తెలుగు మాట్లాడేవారు, మనలాగే గోంగూర పచ్చడి తినేవారు, అయినా మా మామ్మ దృష్టిలో యానాం లండనుతో సమానం. అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా మా అరుగు మీద కూర్చుని లేస్తే, వాళ్ళు వీధి మలుపు తిరగకముందే పసుపునీళ్ళు చల్లించేది. ఇప్పుడు మా మనవలు రైలెక్కి మద్రాసు చూసొచ్చి దేశాటన చేశామని గొప్పలు పోతుంటే నాకు నవ్వొస్తుంది. నేను పెళ్ళాంతో, పొయ్యితో, పెరడుతో సహా పరదేశం తిరిగొచ్చినవాణ్ణి.

మా ఆవిడ కాపురానికొచ్చిన మొదటి ఏడాది సంగతి ఇది. ఆమెకి తల్లి లేదు, పెంచి పెద్దచేసింది అక్కే. ఆ అక్కని యానాంలో బట్టల వర్తకుల ఇంట ఇచ్చారు. చాలాకాలానికి ఆమె నీళ్ళోసుకుందనీ, ఏడో నెల వచ్చిందనీ కబురందింది. ఏడో నెలలో పుట్టింటి ఆడమనిషి చలిమిడి చేసి పట్టుకెళ్ళి, కడుపుతో ఉన్న పిల్లని పీట మీద కూర్చోబెట్టి, స్వయంగా ఒళ్ళో పెట్టాలి. తడిపిండీ బెల్లంపాకమూ ఎవరైనా కలపొచ్చు గాని, పెట్టే చెయ్యి మాత్రం పుట్టింటిదే కావాలి. వదినగారికి పుట్టిల్లంటే మా ఆవిడ ఒక్కతే. "నేను వెళ్ళకపోతే అక్కకి పుట్టిల్లు లేనట్టేనండి," అంది నాతో, కళ్ళు తుడుచుకుంటూ. మామ్మతో అనే ధైర్యం ఆమెకి లేదు. (నాకూ లేదు. కాని కొత్త పెళ్ళికొడుకుని కదా, ఉన్నట్టు కనపడాలి.)

మామ్మ వత్తులు చేసుకుంటోంది. నేను చెప్పిందంతా విని, తలెత్తకుండానే, "వెళ్ళమను నాయనా, నేనొద్దన్నానా? పరాసోళ్ళ నేల తొక్కిన కాళ్ళతో నా వంటింటి గడప తొక్కొద్దంటున్నాను, అంతే," అంది. ఆ ఇంట్లో వంటిల్లు లేని కోడలంటే ఇల్లు లేని కోడలే. అయితే అప్పట్లో నేను ఇంగ్లీషు బడిలో కొంత చదివి ఆపేసినవాణ్ణి, అంటే లోకంలో ఏ చిక్కుకైనా నా దగ్గర ఉపాయం ఉందని నమ్మడానికి సరిపడా చదివినవాణ్ణి. "మామ్మా, నేలంటే ఏంటి? కాళ్ళ కింద ఉన్న మట్టే కదా? మన పెరటి మట్టి బండిలో పోసుకుని, దాని మీదే కూర్చుని, దాని మీదే వండుకు తిని, దాని మీదే పడుకుంటే మేం మన పెరట్లో ఉన్నట్టా, యానాంలో ఉన్నట్టా?" అన్నాను. మామ్మ వత్తి చెయ్యడం ఆపింది. "పెరట్లో ఉన్నట్టే," అని ఒప్పుకుంది చివరికి. "అయితే మందంగా పోయించు. పల్చగా ఉంటే కిందిది పైకెక్కుతుంది." మరి ఎద్దుల మాటేమిటని అడిగాను. "ఎద్దులకి దొరతనాలేంటిరా," అని కొట్టిపారేసింది.

అలా మా గూడుబండి తోటకూర మడిలోని మట్టితో నిండింది. మా ఆవిడ దాన్ని చదును చేసి, పేడతో అలికి, ఓ మూల పొయ్యి పెట్టి, ఓ మూల పక్కచుట్ట, మధ్యన చలిమిడి ఇత్తడి గిన్నె సర్దింది. బండి తోలే ముసలాయన్ని మేము సణుగుడు తాత అనేవాళ్ళం. ఆయన చుట్టూ తిరిగి చూసి, "బండిలో మట్టేసుకెళ్ళడం చూసేనండి. మట్టి మీద మడుసుల్నేసుకెళ్ళడం మాత్రం ఇదే చూట్టం," అన్నాడు. ఎద్దులు కూడా ఇంచుమించు అదే అభిప్రాయంతో కదిలాయి. కాలినడకన వెళ్ళేవాళ్ళు మమ్మల్ని పలకరించి, కాసేపు ముచ్చటించి, దాటి వెళ్ళిపోయేవారు. మా ఆవిడ రోజూ పొద్దున్నే లేచి, కదిలే బండిలో కళ్ళాపి చల్లి ముగ్గేసేది. గతుకులకి చుక్క ఒకచోట, గీత ఒకచోట పడేవి. పొయ్యి మంట లేచి గూడు చాపకి బొక్క పడింది. దానివల్ల మాకు వెలుతురొచ్చింది. రోజూ నీళ్ళు పడేసరికి మట్టిలో ఉన్న గింజలు ఊరుకోక, నా దిండు పక్కన తోటకూర మొలకెత్తింది. నిజం చెప్పొద్దూ, అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

యానాం పొలిమేరలో టోపీ పెట్టుకున్న సుంకం బంట్రోతు బండి ఆపి, మర్యాదగా దిగమన్నాడు. మేం దిగం అన్నాను. "దిగకపోతే ఎలాగండి, సోదా చూడాలి కదండి?" అన్నాడు.

"మేం మా ఇంట్లో ఉన్నామండి," అన్నాను.

"మీ ఇల్లెక్కడండి?"

"పెద్దాపురమండి."

"మరి ఇది యానాం కదండి?"

"కింద యానామండి. ఇక్కడ పెద్దాపురమండి."

బంట్రోతు టోపీ తీసి తల గోక్కున్నాడు. లోపలికి తొంగి చూసి మొలకలు గమనించాడు. "ఇది బండాండి, పొలమాండి? బండైతే సుంకమండి. పొలమైతే శిస్తండి. రెండూ అయితే మా దొరగార్ని అడగాలండి," అన్నాడు. తర్వాత అతనికి అనుమానమొచ్చింది. ఇంత మట్టి ఊరికే ఎవడు మోస్తాడు, అడుగున ఉప్పో నల్లమందో ఉండే ఉంటుందని, ఇనపచువ్వతో కుళ్ళబొడిచి, పారతో ఆ పక్కకీ ఈ పక్కకీ విసిరి వెతికాడు. మేమిద్దరం గూడు బద్దలు పట్టుకుని వేలాడుతున్నాం. అతనికి దొరికినవి వానపాములూ, ఓ కుండపెంకూను. పాపం, చాలా నొచ్చుకున్నాడు. కాని మా పెద్దాపురంలో సగం అప్పటికే రోడ్డు పక్క కాలవలో కలిసిపోయింది.

వదినగారింటి ముందు బండి ఆగేసరికి వీధి వీధంతా బయటికొచ్చింది. వదినగారు అరుగు మీద నిలబడి ఉంది, నిండుగా. మా ఆవిడ బండిలోంచి చేతులు చాపింది. వదినగారిని బండెక్కించమని నేను అడిగాను. "ఏడో నెల పిల్ల బండెక్కడమా బాబూ? మా ఇంటా వంటా లేదు," అంది వదినగారి అత్తగారు. పోనీ బండి దగ్గరికొస్తే చలిమిడి అందిస్తాం అన్నాను. "పీట మీద కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టేదాన్ని వీధిలో నిలబెట్టి అందిస్తారేంటండి, సంతలో సరుకులాగ?" అందావిడ. మాటకి మాట, ఆవిడా మా మామ్మా ఒకే బడిలో చదివినట్టున్నారు. చెల్లెలు దిగకూడదు, అక్క ఎక్కకూడదు. మధ్యన చలిమిడి గిన్నె.

నా ఉపాయాల గని మళ్ళీ తవ్వాను. బండి నుంచి అరుగు దాకా మన మట్టితో బాట పరుద్దామన్నాను. సణుగుడు తాత సణుక్కుంటూ గంపలు నింపాడు, నేను మోసి పోశాను. మా ఆవిడ గిన్నె పట్టుకుని దిగి, గట్టు మీద నడిచినట్టు, అడుగు ముందు అడుగు వేసుకుంటూ వచ్చింది. పొలిమేర నుంచి మా వెనకే వచ్చిన బంట్రోతు, బాట మీదికి ఎక్కబోయే పిల్లల్ని అదిలిస్తున్నాడు. అరుగు ఇక కాస్త దూరంలో ఉందనగా మట్టి అయిపోయింది. "కంగారు పడకు," అన్నాను. "వెనకది ఎత్తి ముందు పోస్తాను. నువ్వు ఒంటికాలి మీద నిలబడు." ఆమె నిలబడింది. మిట్టమధ్యాహ్నం ఎండ, చేతుల్లో గిన్నె, పైకెత్తిన ఓ కాలు. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

వదినగారు నవ్వలేదు. "చెల్లీ, ఎండలో కళ్ళు తిరిగి పడతావే. ఉండు, నేనే వస్తున్నా," అని కడుపు పట్టుకుని మెట్టు దిగబోయింది.

"నువ్వు దిగకక్కా," అంటూ మా ఆవిడ రెండో కాలు కింద పెట్టింది. తర్వాత మొదటిది. చకచకా నడిచి వెళ్ళి అక్కని పట్టుకుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఏడుస్తూ, నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయారు. నేను గంపతో ఆ మట్టి చివరన నిలబడే ఉన్నాను. యానాం అంతా నన్ను చూస్తుండగా పెద్దాపురంలో నేనొక్కణ్ణే మిగిలాను. చాలాసేపటికి బంట్రోతు దగ్గరికొచ్చి, "మీరు రారాండి?" అని జాలిగా అడిగాడు. వెళ్ళాను. చలిమిడి అప్పటికి సగం అయిపోయింది.

తిరుగు ప్రయాణం నాడు మా ఆవిడ మట్టంతా మళ్ళీ బండికెక్కించాల్సిందేనంది. ఏది మనదో ఏది పరాసులదో తెలియక, తాత అందినకాడికి గీకి ఎత్తాడు. ఇంటికొచ్చేసరికి మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "మట్టి సరిపోయిందా?" అంది. నేను ఎద్దుల్ని విప్పే పనిలో పడ్డాను.

"మిగిలిందండి మామ్మగారూ," అంది మా ఆవిడ.

మామ్మ బండి వైపు చూసింది. వెళ్ళేటప్పుడు లోపలికి అణిగి ఉన్న మట్టి ఇప్పుడు అంచులు దాటి కుప్పగా ఉంది. దాన్ని చూసింది, మా ఆవిడ పాదాలు చూసింది. "అక్క ఎలా ఉంది?" అని అడిగింది. బాగుందని, చలిమిడి ఇష్టంగా తిందని చెప్పింది మా ఆవిడ. "అయితే కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి రా. అన్నం చల్లారిపోతోంది," అని మామ్మ లోపలికి వెళ్ళింది. ఆ మట్టిని తోటకూర మడిలోనే పోయించింది. బతికినన్నాళ్ళూ రోజూ తడిబట్టతో ఆ మడిలోనే నిలబడి సూర్యుడికి దణ్ణం పెట్టుకుంది.

ఇప్పుడు నాకు అప్పటి మామ్మ వయసొచ్చింది. పొద్దున్నే వంటింట్లోంచి, "ఏవండీ, యానాం వెళ్ళి నాలుగు తోటకూర కాడలు పట్రండి," అని కేకేస్తుంది మా ఆవిడ. వెళతాను. మడిలో వంగినప్పుడల్లా, నడివీధిలో ఖాళీ గంపతో మట్టికుప్ప దిగకుండా నిలబడ్డ ఆ కుర్రాడు కళ్ళముందు కదులుతాడు. వదినగారు పోయి చాలా కాలమైంది. దిగరా అబ్బాయీ, చలిమిడి అయిపోతోంది, అని వాడికి చెప్పాలనిపిస్తుంది.