సీటు కింద ఉన్నది

క్రిస్మస్ పూట మా ఇంట్లో కోడికూర లేకుండా చేసిన ఘనుణ్ణి నేను. ఒక పాత జీపు, ఒక మామగారు, ఒక కోడిపుంజు నా తెలివితేటల చేతిలో పడితే ఏమైందో చెబుతాను. మీరు తీరిగ్గా నవ్వుకోండి. మా సలోమి మాత్రం ఇప్పటికీ సగమే నవ్వుతుంది.

అప్పటికి నేను అరకులో కొత్త బడిపంతుల్ని, సలోమికి కొత్త మొగుణ్ణి. ఆమె తండ్రి రిటైరైన పాస్టరు. నాకంటే వయసులో పెద్దదైన జీపులో కొండలన్నీ తిరిగి వాక్యం చెప్పిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ఆ జీపు నాకు అప్పగించారు. తాళాలు చేతిలో పెడుతూ, "బాబూ, సీటు కింద..." అని ఏదో చెప్పబోయారు.

"నాకు తెలుసు మావయ్యా" అన్నాను.

నాకేమీ తెలియదు. కొత్త అల్లుడి నోట తెలియదు అనే మాట రాదు, అంతే.

ఆయన కోరింది ఒక్కటే. తాను మొట్టమొదట ప్రసంగం చేసిన కొండమీది చర్చిలో ఆ క్రిస్మస్ ఆరాధనకు కూర్చోవాలి. అక్కడికి బస్సు లేదు. డోలీలో మోయించుకోవడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. జీపే గతి. ఆ జీపేమో, స్టీరింగు పావు చుట్టు తిప్పితే గాని చక్రాలకు కబురు అందని స్థితిలో ఉంది.

ఫోనులో నాలుగు వీడియోలు చూసి, స్టీరింగు బాక్సు అరిగిపోయిందని తీర్పు చెప్పేశాను. దాన్ని ఊడదీసి, ఫోటో తీసి, గోనెసంచిలో వేసుకుని, పాత బండ్ల సామాన్లు దొరికే సాలూరుకు బస్సెక్కాను. పాతది చూపిస్తేనే గదా కొట్లవాళ్లు దానికి జోడీ వెతికేది. తీరా వెళ్తే, పాత సామాన్ల అప్పలనాయుడి కొట్టుకు తాళం. మిగతావాళ్లు సంచిలోకి తొంగిచూసి, నన్ను జాలిగా చూసి పంపేశారు. బస్టాండులో టీ తాగుతుంటే అరకు బస్సు కదిలింది. పరుగెత్తి ఎక్కాను. ఘాట్ రోడ్డు సగం ఎక్కాక గుర్తొచ్చింది, సంచి టీ కొట్టు బల్ల కిందే ఉండిపోయిందని. అరిగిపోయిన ఇనుమే కదా, పీడా పోయిందనుకున్నాను.

"సంచేటయిపోనాదండీ?" అంది సలోమి, గుమ్మంలోనే.

"శాంపిలుకి కొట్టులో ఇచ్చీసినాను" అన్నాను. కొట్టులో ఇచ్చిన మాట దాదాపు నిజమే.

మర్నాడు అప్పలనాయుడి కొట్టు బోర్డు మీద చూసిన నంబరుకు ఫోటో పంపాను. వారం తిరిగేసరికి ఫోను వచ్చింది.

"మేస్టారూ, దొరికీసినాది. అచ్చం మీ ఫోటోలోదేనండి."

"బోల్టుల కన్నాలు సరిపోతాయా?"

"కన్నాలు కూడా అవేనండి. బేగి రండి. డబ్బులొద్దు, మీ ఏజెన్సీ కోడిపుంజొకటి తెండి. పండక్కి సుట్టాలొత్తన్నారు."

మా పెరట్లో ఉన్నది ఒకే పుంజు. క్రిస్మస్ కోసమని సలోమి దాన్ని కోడిపిల్లగా ఉన్నప్పటినుంచీ చేత్తో గింజలు పెట్టి పెంచింది.

"నాన్న కోసం గాబట్టి ఇత్తన్నాను" అంది దాని కాళ్లు కడుతూ. "ఆ బాక్సు పని సెయ్యకపోతే మటుకు మీ సంగతి సెప్తాను."

సాలూరులో బాక్సు నల్లరంగు వేసుకుని పెళ్లికొడుకులా మెరుస్తోంది. తట్టాను, వాసన చూశాను, బరువు చూశాను. "ఆ పాతదానికీ దీనికీ పోలికే లేదండీ" అని నిపుణుడిలా ప్రకటించి కోడిని అప్పగించాను.

"ఇదెక్కడిదో తెల్సా మేస్టారూ? మొన్న బస్టాండు టీ కొట్టు కాడ..."

"నాకు తెలుసులెండి" అన్నాను. "ఇలాంటివి ఎక్కడెక్కడి నుంచో వస్తాయి."

మీకు విషయం అర్థమైపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం అప్పటికి కాలేదు.

బిగించాను. స్టీరింగు తిప్పాను. సరిగ్గా పావు చుట్టు తర్వాతే చక్రాలు కదిలాయి. తెల్లారితే క్రిస్మస్.

"కొత్తది గదా, కాస్త సర్దుకోవాలి" అన్నాను. సలోమి నాతో వాదించకుండా వెళ్లి వాళ్ల నాన్నను పిలుచుకొచ్చింది. ఆయన కర్ర ఆనించి వంగి, బాక్సు మీద రంగును గోటితో గీకారు. కింద ఒక చిన్న సిలువ గుర్తు బయటపడింది.

"బాక్సు బిగించిన నాడు దీన్ని ఉలితో కొట్టినాను" అన్నారు నెమ్మదిగా. "నీ కొత్తదాని మీదకి నా సిలువ ఎలాగొచ్చినాది బాబూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. టీ కొట్టు దగ్గర్నుంచి కోడి దాకా అంతా ఒప్పేసుకున్నాను.

"బాక్సుకి ఏటీ అవలేదు. అరిగింది సక్రం కాడుండే సిన్న జాయింటు. కొత్తది కొని సీటు కిందెట్టినాను. ఆరోజు సెప్పబోతే, తెల్సన్నావు గదా."

సీటు ఎత్తాను. పాత చర్చి పత్రికలో చుట్టి, దారం కట్టి, బుద్ధిగా కూర్చుని ఉంది. మెకానిక్ వచ్చి చీకటి పడేలోపే బిగించి, నడిపి చూసి వెళ్లాడు. మర్నాడు జీపు చెప్పినమాట వింటూ కొండెక్కింది. మామయ్య ముందు బెంచీలో కూర్చుని, ఒక్క పాట కూడా వదలకుండా పాడారు. ఆయన ముఖం చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చాక విస్తళ్లలో పప్పు. మామయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ పప్పు కోసం నీకు స్తోత్రం. సాలూరులో ఉన్న మా కోడిని కూడా జ్ఞాపకం చేసుకో." సలోమి ఆమెన్ అన్న గొంతు పక్కవీధి దాకా వినబడింది.

అందుచేత పాఠకులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. పెద్దవాళ్లు మాట మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా నోరు విప్పను. తెలుసు అనే మాటను బడి గేటు దాటనివ్వను. బతికున్న కోడిని ఇచ్చి ఇనుము తెచ్చుకోను. ఇదంతా కాగితం మీద రాసి, సలోమి చేత సాక్షి సంతకం పెట్టించి, జీపు సీటు కింద భద్రపరిచాను. అక్కడ ఏముందో ఇప్పుడు నాకు నిజంగానే తెలుసు.