బోర్లేసిన గిలాసలు, రెండు షమాదాన్లు

మా కాలనీల కరెంటు పోతే పార్వతీదేవమ్మ ఇంట్ల ఎట్లుంటదో చెప్త, ఇనుండ్రి. హాల్ల షోకేసు నిండ గాజు కొవ్వొత్తి స్టాండ్లే. నీలంవి, పచ్చవి, తేనె రంగువి, మెడ సన్నంగ ఉన్నవి, పొట్ట గుండ్రంగ ఉన్నవి. గవన్నీ చీకట్ల ఊకె నిలవడి ఉంటయి. ఆమె పెనిమిటి ఫణిభూషణ్ సారు మాత్రం వంటింట్లకెళ్లి ఒక స్టీలు గిలాస తెచ్చి, బోర్లేసి, దాని మీద ఇంత మైనం రాల్చి కొవ్వొత్తి నిలవెట్టుకుంటడు. గా వెలుతుర్ల పేపర్ సదువుకుంటడు. ఒకనాడు ఉండవట్టక అడిగిన.

"ఏంది సారూ, గిన్ని స్టాండ్లు ఉండంగ గిలాస ఎందుకు?"

ఆయన షోకేసు దిక్కు సూసి, "వాటిలో వెలిగిస్తే మసి పడుతుందటమ్మా" అన్నడు. మళ్ల పేపర్ల తల పెట్టిండు.

నా పేరు దుర్గాబాయి. పుట్టింది అత్వెల్లిల, ఇచ్చింది మేడ్చల్ల. జాకెట్లు కుడత. నా మిషిని వాళ్ల గేటుకు ఎదురుంగనే ఉంటది, అందుకే ఆ ఇంట్లకు ఏం సామాను వచ్చినా ముందు నా కంటబడే లోపటికి పోతది. వాళ్లు తెనాలి దిక్కోళ్లు. సారుకు బ్యాంకుల నౌకరి. తొంభై అయిదుల వచ్చి ఇల్లు కట్టుకున్నరు. మనుషులు మంచోళ్లే. కాకపోతే ఆమెకు గీ గాజు పిచ్చి.

అది బొల్లారంల పట్టింది. అక్కడ ఒక పాత బంగ్లా సామాన్లు అమ్ముతున్నరంటే కుర్చీల కోసమని పోయి, కుర్చీలు ఇడిసిపెట్టి కొవ్వొత్తి స్టాండు సంకన పెట్టుకొని వచ్చింది. ఇగ అప్పటి సంది ఆగలే. జుమ్మెరాత్ బజార్ల పాత ఇనుము నడుమ కూసోని ఏరేది. ఏది దొరికినా ముందుగాల తిరగేసి అడుగున బొటనవేలు పెట్టి రాసేది.

"నోటితో ఊది చేసిన గాజుకి ఇక్కడ గొట్టం విరిచిన గరుకు మచ్చ ఉంటుంది దుర్గాబాయి గారూ. అచ్చులో పోసినదానికి ఉండదు" అని నాకు పాఠం జెప్పింది. గాజుకు బొడ్డు ఉంటదన్న ముచ్చట నాకు గప్పుడే ఎరుకైంది.

మేము బతుకమ్మలు పేర్చుకునే దినాలల్ల వాళ్లు బొమ్మల కొలువు పెడతరు. ఏడాదికి ఒక్కటన్న కొత్తది చేర్చాల్నట. అందరు బొమ్మ కొంటే ఈమె స్టాండు కొనేది. రాముని పక్కన సీతమ్మ, సీతమ్మ పక్కన దొరసాని బల్ల మీది కొవ్వొత్తి స్టాండు. పేరంటానికి పోయిన ఆడోళ్లు దాన్ని గూడ దేవుడే అనుకొని దండం పెట్టిపోయేటోళ్లు.

గిట్ల నడుస్తుండంగ షామీర్‌పేట ముచ్చట అయ్యింది. అక్కడ షహజాది బేగం అని ఉంటది, నాకు ఆపా, అంటే అక్క లెక్క. నేను కుట్టిన జాకెట్ల మీద జరీ పని జేసిస్తది. ఆమె పెనిమిటి మన్నాన్ భాయ్ ద్రాక్ష తోటలు గుత్తకు పట్టేటోడు, అంతకు రెండేండ్ల ముందే పోయిండు. పార్వతీదేవమ్మ తన జాకెట్టుకు డిజైను తానే సూసుకుంటనంటే ఆటోల తోలుకపోయిన.

డిజైను ఎవరు సూసిన్రు? లోపట అడుగు పెట్టంగనే ఆమె కండ్లు గోడగూట్ల పడ్డయి. అక్కడ రెండు షమాదాన్లున్నయి. కొవ్వొత్తి స్టాండును వాళ్లు గట్లనే అంటరు. ఉల్లిగడ్డ పొర రంగు, నడుమల సన్నటి బుడగలు. మన్నాన్ భాయ్ నికా అయిన ఏడు, పాతబస్తీల నవాబుల కాలంనాటి ఒక దేవిడీ, పెద్ద బంగ్లా, కూలగొడుతుంటే ఆపా కోసం తెచ్చినవి. పార్వతీదేవమ్మ ఒకటి తీసుకొని తిరగేసింది, బొడ్డు రాసింది, మొఖం ఎలిగిపోయింది.

"ఎంత బాగుందండీ బేగం గారూ. ఇలాంటిది నేను ఎక్కడా చూడలేదు."

ఆపా నవ్వి, "పసంద్ అయ్యిందా అమ్మా? ఇగ మీదే. తీస్కపోండి" అన్నది.

ఇది మా దిక్కు చిన్నపోరగానికి గూడ ఎరుకే. సుట్టం ఇంట్ల సామాను మెచ్చుకుంటే, మీదే తీస్కోండి అనుడు వాళ్ల మర్యాద. నై నై, మీ ఇంట్లనే మంచిగుంది అనుడు మన మర్యాద. సామాను ఉన్నకాడనే ఉంటది, ఇద్దరి మనసు సల్లగుంటది. కానీ తెనాలిల గీ పద్ధతి లేదు. అక్కడ ఇంటికొచ్చిన ఆడమనిషికి ఏదన్న ఇస్తే, వద్దంటే ఇచ్చినామె నొచ్చుకుంటదట. నేను ఎనుక నుంచి కొంగు గుంజినా. తీసుకొమ్మంటున్ననని ఆమె అర్థం జేసుకుంది. చీరె కొంగుల సుట్టి, రెండు చేతులతోని కండ్లకద్దుకొని, ఒళ్లె పెట్టుకొని కూసున్నది. ఆపా మొఖంల నవ్వు జరంత గూడ కదల్లే. నాకైతే ఒళ్లు మండింది.

ఆటోల చెప్పిన. "అమ్మా, ఆపా మాట వరసకు అన్నది."

"మాట వరసకి ఎవరైనా ఇంత మంచి వస్తువు ఇస్తారా? మీకు మనుషుల మీద నమ్మకం తక్కువ" అన్నది నన్ను.

ఊకె తీసుకుంటే బాగుండదని తెల్లారి ఆపాకు ఆరు స్టీలు గిలాసలు పంపింది, తన పేరు కొట్టించినవి. వారం తిరగకముందే ఆపా కొడుకు ఏజాజ్ తువ్వాలల సుట్టుకొని రెండోది గూడ తెచ్చి ఇచ్చిపోయిండు. జోడీ ఇడదీయొద్దని అమ్మీ చెప్పిందట.

"చూశారా, నేను చెప్పలేదూ?" అని పార్వతీదేవమ్మ నా మిషిని కాడికి వచ్చి మరీ సూపించింది.

నేను షామీర్‌పేటకు పోయి కొట్లాడిన. "ఆపా, నీకేమన్న దిమాక్ ఖరాబైందా?"

"నోటితోని ఇచ్చిన గదా దుర్గా. నా నోరు నేను కాదంటనా?" అన్నది. అని గోడగూడు దిక్కు సూడకుంట పక్కకు తిరిగి సూదిల దారం ఎక్కించింది.

ఆమె పాణమంత ఆ జోడీల ఉంటదని నాకెరుకే. మన్నాన్ భాయ్ బర్సీ నాడు, అంటే ఆయన పోయిన దినం ఏటేటా వచ్చినప్పుడు, ఫాతెహా సదువుడు అయినంక మాపటికి ఆ రెండిట్ల కొవ్వొత్తులు పెట్టి ఎలిగించుకొని, కరిగే దాక వాటి ముందట కూసునేది. ఆయనతోని అంత సేపు ముచ్చట పెట్టినట్టు ఉంటది అని ఒకసారి నాతోని అన్నది.

ఆ ఏడు బర్సీకి నన్నూ పార్వతీదేవమ్మనూ ఇద్దరినీ పిలిచింది. పోయినం. దువా అయ్యింది, తిన్నం. పొద్దుగూకంగ ఆపా లేసి గోడగూట్ల కొవ్వొత్తులు ఎలిగించింది. బోర్లేసిన రెండు స్టీలు గిలాసల మీద.

పార్వతీదేవమ్మ దగ్గరికి పోయి సూసింది. గిలాస మీద చుక్కలు చుక్కలుగ తన పేరే, తలకిందులుగ. ఆ పేరు మీదికి మైనం కారుతున్నది.

"గ్లాసుల మీద పెట్టారేంటమ్మా?" అని ఆపా బిడ్డ అల్మాస్‌ను మెల్లగ అడిగింది.

"ఎప్పుడూ ఆ షమాదాన్లల్లనే పెడ్తుండె ఆంటీ. అబ్బా తెచ్చినవి గదా" అన్నది పిల్ల. ఆపా బిడ్డ దిక్కు ఉరిమి సూసింది.

ఆటోల పార్వతీదేవమ్మ కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని కూసున్నది. అప్పటి దాక నాకున్న కోపమంత ఎటు పోయిందో, పాపం అనిపించింది.

తెల్లారి రెండూ మూట గట్టుకొని పోయింది, నన్ను తోడు తీస్కొని. "ఇవి మీవి బేగం గారూ. తీసుకోండి."

"నై నై. మీ ఇంట్లనే మంచిగున్నయి అమ్మా" అన్నది ఆపా నవ్వుకుంట.

"కాదండీ, నిజంగా అంటున్నాను. మీరే ఉంచుకోవాలి."

"అట్లంటరా? మీరు అన్నరు, మాకు ముట్టింది. బస్, అదే చాలు."

ఈమె ఎంత నిజంగ అంటే ఆపా దాన్ని అంత పెద్ద మర్యాద కింద జమ కట్టింది. ఈమె ఆపా చేతులు పట్టుకొని బతిమాలింది, కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది. ఆపా చాయ్ తాపింది. ఇగ కాదని, ఈమె లేసి వచ్చేటప్పుడు మూటను మంచం కింద మర్చిపోయినట్టు జేసి వచ్చింది. మేము ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే ఏజాజ్ ఎనుక బస్సుల దిగిండు. "ఆంటీ, మీరు మర్చిపోయిన్రు."

ఆఖరుకు ఆమెకే ఒక తొవ్వ దొరికింది. మరుసటేడు బర్సీ పొద్దుగాల రెండిట్నీ టర్కీ తువ్వాలల సుట్టి, ఒళ్లె పెట్టుకొని, ఆటోవాన్ని గుంతకొక్క తిట్టు తిట్టుకుంట, నన్ను ఎంబడేసుకొని షామీర్‌పేటకు పోయింది.

"బేగం గారూ, వీటిలో కొవ్వొత్తి నిలబెట్టడం నాకు చేతకావట్లేదు. ఇవాళ మీరే ఒకసారి వెలిగించి చూపించాలి" అన్నది.

సుట్టం పని జెప్పితే కాదనుడు ఆపాకు రాదు. మాపటికి రెండు షమాదాన్లు గోడగూట్ల ఎలిగినయి. ఆపా ముందట కూసున్నది, ఈమె ఎనుక కూసున్నది. మొత్తం కరగక ముందే, ఆఖరి ఆటో పోతదని ఆపానే లేసి, రెండిట్నీ ఊది ఆర్పి, మళ్ల తువ్వాలల సుట్టి ఈమె చేతుల్ల పెట్టింది. ఇగ ఏటేటా గదే తంతు. ఇద్దరు మర్యాదస్తుల నడుమ చిక్కి ఆ షమాదాన్లు ఏడాదికోసారి ఆటో ఎక్కుతున్నయి.

ఆ మొదటేడు మేము తిరిగి వచ్చేసరికి కాలనీల కరెంటు లేదు. నేను మూట పట్టుకొని ఎంబడి లోపటికి పోయిన. సారు గిలాస ముందట పేపర్ సదువుతుండు. మూట ఇప్పి సూస్తే షమాదాన్లల్ల సగం కొవ్వొత్తులు అట్లనే ఉన్నయి, మెడ మీద మైనం కారి ఉంది. పార్వతీదేవమ్మ దాన్ని గీకలే.

"వీటిలో కొవ్వొత్తులు ఉన్నాయిగా, వెలిగించనా?" అన్నడు సారు.

"వద్దండీ. అవి మనవి కావు."

సారు షోకేసు దిక్కు సూసిండు. కోపం లేదు, ఎక్కిరింపు గూడ లేదు. "మరి ఆ మిగతావి?"

ఆమె నడుముకున్న తాళంచెవుల గుత్తిలకెళ్లి ఒకటి తీసి ఆయన చేతుల పెట్టింది. సారు షోకేసు తెరిచి, పెండ్లిసూపుల పిలగాని లెక్క సిగ్గుపడుకుంట, నీలం రంగుది ఒకటి ఏరుకున్నడు. గిలాస మీది కొవ్వొత్తి ఊడదీసి దాంట్ల నిలవెట్టిండు. గోడంత నీలంగైంది. ఆ రోజు ఆయన మళ్ల పేపర్ ముట్టుకోలే.

పార్వతీదేవమ్మ గిలాసను వంటింట్లకు తీస్కపోయి, లోపట కడిగి, సీదా జేసి, నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. అడుగున మైనం ఇంకా వెచ్చగనే ఉండె.