మీరెట్లంటే అట్లనే సార్

మా షాపులో పై, అంటే కీమా కూరిన వేడి రొట్టె, కొనాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి.

"టోలండ్ కోచ్ గొప్పోడా, కాదా?"

మా ఆయన దామోదర్ ఈ మాట అడిగాకే పైలు ఉంచే వేడి పెట్టె తలుపు తీస్తాడు. గొప్పవాడే అన్నవాళ్లకు పైతో పాటు సాస్ ప్యాకెట్టు ఊరికే ఇస్తాడు. ఆలోచించి చెప్తాం అన్నవాళ్లతో, వాళ్ల పై చల్లారేదాకా వాదిస్తాడు. కాదన్నవాళ్లు ఇప్పుడు రావడం మానేశారు. రోడ్డవతల పెట్రోలు బంకులో కొనుక్కుంటున్నారు.

వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో మాది చిన్న డెయిరీ. పాలు, బ్రెడ్డు, పేపరు, పిల్లల చాక్లెట్లు అమ్మే మూలమీది కొట్టును ఇక్కడ అలా అంటారు. వెనక రెండు గదుల్లో మా కాపురం. ఎదురుగా కాలేజీ, దాని మైదానం. కాలేజీ అన్నా అది మన హైస్కూలే. అక్కడ పిల్లలు ఆడేది రగ్బీ. ముసలివాళ్లు మాత్రం దాన్ని ఇంకా ఫుట్‌బాల్ అనే అంటారు. ఆ మైదానంలో, షాపుకు దగ్గరగా ఉన్న మూల జెండా దగ్గర, పోయిన చలికాలం మా బంటి పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. కళ్లు తెరవకుండానే వెళ్లిపోయాడు. ఒక్కడే కొడుకు.

బంటిని ఆడించిన కోచ్ పేరు మెర్వ్ టోలండ్. ముప్పై ఏళ్లుగా ఆ కాలేజీ జట్టు ఆయన చేతిలోనే ఉంది. గోడ నిండా కప్పులు. ఈ ఏడాదితో మానేస్తున్నాడు కాబట్టి, మైదానం పక్కన కొత్తగా కట్టిన గ్యాలరీకి ఆయన పేరు పెట్టాలన్న మాట లేచింది. కొందరు పెట్టాలన్నారు, కొందరు అంత గొప్పేం కాదన్నారు. ఊరంతా అదే వాదన. ప్రిన్సిపాల్ స్వయంగా మా షాపుకు వచ్చి, "మీటింగు పెడుతున్నాం. మీరేమంటారో అక్కడ చెప్పండి. మీరు వద్దంటే పెట్టం" అని వెళ్లింది.

ఆ రోజు నుంచే మా ఆయన వచ్చిన ప్రతివాణ్నీ అడగడం మొదలుపెట్టాడు.

మా ఆయన సంగతి కొంచెం చెప్పాలి. వాళ్లది సిద్దిపేట పక్క పల్లె. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చెరుకుతోటల్లో తిరిగేవాడట. మామగారు ఒకరోజు చెవి పట్టుకుని లెక్కల సారు దగ్గరికి లాక్కుపోయి, "కండ్లు రెండు ఇడిసిపెట్టి తోలు ఒలువుండ్రి సారూ, మల్ల నేనొచ్చి అడిగితె ఒట్టు" అని అప్పగించి వచ్చాడట. సారు నిజంగానే ఒలిచాడు. ఆ దెబ్బలతోనే పదో తరగతి, ఇంటరు, డిగ్రీ గట్టెక్కాడు. విద్యార్థి వీసా మీద ఈ దేశం వచ్చి, తోటల్లో కివీ పండ్లు తెంపి, పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీలు చేసి, చివరికి ఈ షాపు పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ సారు పేరు చెప్పేటప్పుడు కూర్చుని ఉంటే లేస్తాడు. మంచి గురువు చేతిలో పడితే పిల్లవాడి బతుకు గడిచిపోతుందని ఆయన నమ్మకం. వేరే ఏ దేవుణ్నీ అంత నమ్మగా నేను చూడలేదు.

బంటి జట్టుకు ఎంపికైన రోజు టోలండ్ పేపరు కోసం షాపుకొచ్చాడు. మా ఆయన కౌంటరు దిగి వచ్చి, రెండు చేతులూ జోడించి, అదే మాట ఇంగ్లీషులో చెప్పాడు. కళ్లు మాత్రం వదిలిపెట్టండి, మిగతాది మీది అని. టోలండ్ మొదట తెల్లబోయాడు. తర్వాత కౌంటరు మీద చెయ్యి కొట్టి నవ్వాడు. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, ప్రతి ఏడాది బహుమతుల సభలో చెప్పేవాడు. "ఇక్కడి తండ్రులు నాకు ఫోన్ చేసి, మావాణ్ని ఎందుకు కూర్చోబెట్టావు, ఎందుకు ఆడించావు అని తిడతారు. ఒక్క డామో మాత్రం తోలు కూడా నాకే ఇచ్చేశాడు." అందరూ నవ్వేవాళ్లు. మా ఆయన అందరికంటే ఎక్కువ నవ్వేవాడు.

మొన్న శనివారం షాపులో ఇద్దరు తగులుకున్నారు. ఒకరు బాలసుబ్రహ్మణ్యం గారు. కాకినాడవైపు మనిషి, వెల్లింగ్టన్‌లో కంప్యూటర్ ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లొస్తాడు. రెండోవాడు రస్సెల్, గొట్టాల పని చేస్తాడు, ఒకప్పుడు టోలండ్ జట్టులో ఆడినవాడు. మా ఆయన ప్రశ్న అడిగాడు. రస్సెల్, "అది కూడా అడగాలా డామో" అని సాస్ ప్యాకెట్టు తీసుకున్నాడు.

బాలసుబ్రహ్మణ్యం గారు ఊరుకోలేదు. "గొప్పేవిటండీ బాబూ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మెరికల్లాంటి కుర్రాళ్లని ఏరుకొచ్చి ఆడిస్తే, మైదానం గీత పక్కన మా అత్తగారిని నిలబెట్టినా కప్పు వస్తుంది."

ఆయనే ఇంగ్లీషులో చెప్తే రస్సెల్ నవ్వాడు. "మీ అత్తగారు వానలో రెండు గంటలు నిలబడి అరవగలదా?"

"ఆవిడకి వాన అక్కర్లేదు. రోజంతా అరుస్తుంది, గొడుగు కూడా అడగదు."

"అయితే వచ్చే ఏడాదికి పిలుద్దాం. ఖాళీ ఉంది."

నేను కూడా నవ్వబోయాను. మా ఆయన మొహం చూసి ఆగాను.

"ఏందన్నా నువ్వు గట్లంటవ్," అన్నాడు. "ముప్పై ఏండ్లు. గన్ని కప్పులు. గొప్పోడు గాకుంటె వస్తయా?"

"చెడ్డవాడనట్లేదండీ. మామూలు మనిషి అంటున్నా. కుర్రాళ్లు గెలిచారు, పేరు ఈయనకొచ్చింది. అంతే."

"మామూలు మనిషి?" మా ఆయన వేడి పెట్టె తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వేలు కాలుతున్నా తీయలేదు. "మామూలు మనిషైతె మరి, నా కొడుకును నేను మామూలు మనిషి చేతుల పెట్టినట్టేనా?"

బాలసుబ్రహ్మణ్యం గారు చేతిలో ఉన్న పాల డబ్బా కౌంటరు మీద పెట్టేసి, "దామోదర్ గారూ, నా ఉద్దేశం అది కాదండీ" అంటూ వెళ్లిపోయారు. పాలు తీసుకోలేదు. రస్సెల్ కూడా తలవంచుకుని వెళ్లాడు. నేను తడిగుడ్డ తెచ్చి మా ఆయన వేలికి చుట్టాను. ఆయన కనీసం అటు చూడలేదు.

బంటి పడిపోవడానికి ముందురోజు, ఆ శుక్రవారం సంగతి చెప్తేగాని ఇది అర్థం కాదు.

గురువారం ప్రాక్టీసులో బంటి తల ఇంకొక పిల్లవాడి మోకాలికి తగిలింది. ఇంటికొచ్చి అన్నం వద్దన్నాడు. లైటు కళ్లలో పొడుస్తోందని కర్టెన్ వేసుకుని పడుకున్నాడు. పొద్దున లేచి బాగానే ఉన్నానన్నాడు. మర్నాడు సెమీఫైనల్. వాడు ఇంకేమంటాడు? పళ్లకు పెట్టుకునే కొత్త గార్డు నా టీ గిన్నెలో వేడినీళ్లలో వేసి మెత్తబరిచి, కొరికి పెట్టుకున్నాడు. వాడి పళ్ల అచ్చు దాంట్లో దిగింది. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పోపుల డబ్బా పక్కన.

కాసేపటికి టోలండ్ పేపరుకొచ్చాడు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, వెళ్లబోయి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"డామో, కుర్రాడెలా ఉన్నాడు? రేపు ఆడటం నీకు సరేనా?"

మా ఆయన గురువు ముందు నిలబడ్డట్టు నిలబడి, "మీరెట్లంటే అట్లనే సార్" అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు.

టోలండ్ తల ఊపాడు. "సరే మరి" అన్నాడు. ఆయన మొహంలో ఒక బరువు దిగినట్టు కనిపించింది. మా ఆయన మొహంలో కూడా. లోపలికొచ్చి, "కోచ్ సరే అన్నడు తారా, ఇగ ఫికర్ లేదు" అని నాతో చెప్పాడు.

బంటి పోయాక విచారణ జరిగింది. తప్పెవరిదో తేల్చడం ఆ విచారణ అధికారి పని కాదట. ఎలా జరిగిందో మాత్రమే చెప్తారట. ముందు తగిలిన దెబ్బ మానకముందే రెండోది తగిలిందన్నారు. ఆడమని ఎవరన్నారు అన్నది ఎక్కడా రాలేదు. టోలండ్‌ను ఎవరూ ఏమీ అనలేదు. మమ్మల్ని కూడా ఎవరూ ఏమీ అనలేదు.

మీటింగుకు వెళ్లే రోజు మా ఆయన పెళ్లి కోటు తొడుక్కున్నాడు. ఒంట్లో కండ లేక భుజాలు వేలాడుతున్నాయి. ఉదయం నుంచి ఏమీ తినలేదు. "ఏమని చెప్తవు?" అని అడిగాను.

"గొప్పోడనే చెప్త. నా నోటితోని ఇంకేం చెప్పాలె?"

హాలు నిండింది. టోలండ్ మొదటి వరుసలో చివర, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒకరు లేచి కప్పుల లెక్క చెప్పారు. ఒకావిడ లేచి, "వానలో పరుగెత్తింది మా పిల్లలు, ఆయన కోటేసుకుని నిలబడ్డాడు" అంది. కొందరు చప్పట్లు, కొందరు గొణుగుడు. రస్సెల్ లేచి, "మా నాన్న వెళ్లిపోయాక నన్ను మనిషిని చేసింది ఈయనే" అని చెప్పి కూర్చున్నాడు. అన్నీ నిజాలే అనిపించాయి నాకు.

మా ఆయన చెయ్యెత్తాడు. అందరూ ఇటు తిరిగారు.

"కోచ్ గొప్పవాడు," అన్నాడు ఇంగ్లీషులో.

చప్పట్లు కొట్టారు. కూర్చుంటాడని కోటు అంచు పట్టుకుని లాగాను. కూర్చోలేదు.

"గొప్పవాడు," అని మళ్లీ అన్నాడు. "గొప్పవాడికి అన్నీ తెలుస్తాయి కదా." టోలండ్ వైపు తిరిగాడు. "మరి ఆ రోజు నన్నెందుకు అడిగారు సార్?"

టోలండ్ మెల్లగా లేచాడు. పెద్ద మనిషి, లేవడానికి కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నాకు తెలియలేదు కాబట్టి అడిగాను డామో. నువ్వు తండ్రివి. బాగాలేకపోతే వద్దంటావనుకున్నాను. ఇక్కడి తండ్రులు వద్దంటారు."

"మీరెలా అంటే అలాగే అని అన్నాను."

"అన్నావు. దాన్ని నేను సరేనని అనుకున్నాను."

"మీరు సరే మరి అన్నారు. నేను దాన్ని..." అని మా ఆయన ఆగిపోయాడు.

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఆడమని వాడికి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఈయన మీద పెట్టాడు, ఈయన ఆయన మీద పెట్టాడు. నా బిడ్డ వాళ్లిద్దరి మధ్య నుంచి బూట్లు కట్టుకుని మైదానంలోకి వెళ్లిపోయాడు.

ప్రిన్సిపాల్ మెల్లగా అడిగింది. "మిస్టర్ దామోదర్, గ్యాలరీ పేరు సంగతి ఏమంటారు?"

మా ఆయన అలవాటు కొద్దీ టోలండ్ మొహం వైపు చూశాడు.

"నువ్వెలా అంటే అలాగే డామో," అన్నాడు టోలండ్. ఎగతాళి లేదు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మా ఆయన పెదాలు కదిలాయి. ఏ మాట వస్తోందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ల కాపురంలో ఎన్నిసార్లు విన్నానో. సారుతో, బాసుతో, డాక్టరుతో, బ్యాంకు వాళ్లతో. ఆ మాట గొంతుదాకా వచ్చింది. కోటు పట్టుకున్న నా చేతికి తెలిసింది.

"నో," అన్నాడు. వినపడీ వినపడనట్టు. తర్వాత గట్టిగా, "నో సార్. వద్దు."

టోలండ్ తల ఊపాడు. టోపీ పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. ఆయన్ని చూస్తే నాకు కోపం రాలేదు. రావాలని చూశాను. రాలేదు.

మేము మైదానం అడ్డంగా ఇంటికి నడిచాం. గడ్డి తడిగా ఉంది. మూల జెండా దగ్గరికి రాగానే మా ఆయన నిలబడిపోయాడు.

"వచ్చింది గదా తారా. నోట్లకెల్లి వచ్చింది గదా. గంతె మాట."

"అన్నం తిందాం పా, బంటి డాడీ," అన్నాను. ఇప్పటికీ ఆయన్ని అలాగే పిలుస్తాను. ఇంకో పిలుపు నాకు లేదు.

"అప్పుడెందుకు రాలె?"

లెమ్మన్నాను. చెయ్యి పట్టుకుని లాగితే రాలేదు. ఆ తడిలోనే కూర్చున్నాడు, పెళ్లి కోటుతో. నేనూ పక్కన కూర్చున్నాను. కాలేజీ పిల్లలు సైకిళ్ల మీద పోతూ, మమ్మల్ని చూసి దిగి, నడిపించుకుంటూ వెళ్లారు.

మర్నాడు రస్సెల్ పై కొనడానికి వచ్చాడు. కౌంటరు దగ్గర నిలబడి ఎదురుచూశాడు. మా ఆయన పాల క్రేటు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. ప్రశ్న అడగలేదు. రస్సెల్ నా వైపు చూశాడు. నేనే వేడి పెట్టె తలుపు తీసి, పై ఇచ్చి, సాస్ ప్యాకెట్టు కూడా పెట్టాను.

అది నిన్నటి మాట. ఆ ప్రశ్న ఉన్నన్నాళ్లు తెల్లవారగానే ఎవరినో ఒకరిని అడగాలని లేచి షట్టరు ఎత్తేవాడు. ఈ రోజు షట్టరు నేనే ఎత్తాను. పొద్దున్నుంచి కౌంటరులో నేనే ఉన్నాను. ఎవరు తలుపు తోసినా ఆయన తలెత్తుతాడేమో, ఒక్కసారి మళ్లీ ఆ ప్రశ్నే అడుగుతాడేమో అని అటే చూస్తున్నాను.