మామ గిర్నీలో తేలని నా కాలేజీ

ఆ రోజుల్లో ఇంటర్ పాసైన పిల్ల కంటే, ఆ పిల్ల చుట్టూ ఉన్న పెద్దలకే ఆమె భవిష్యత్తు స్పష్టంగా కనిపించేది. నాచారంలో మా ఇంట్లోనైతే అది రెండుగా కనిపించింది. నాకు ఎంసెట్‌లో సీటు రాలేదు. ఫ్యాక్టరీలో పనిచేసే నాన్న నన్ను తార్నాక వైపు కాలేజీలో బీయస్సీలో చేర్చి, మళ్లీ ఎంసెట్ రాయించి డాక్టర్ని చేద్దామన్నాడు. ఉప్పల్‌లో పిండి గిర్నీ ఉన్న మామ మాత్రం, "బీకామ్‌ల ఎయ్యి బావా. సదువైనంక నేనూ కోడలు కలిసి ఇంకో రెండు గిర్నీలు పెడ్తం" అన్నాడు. చేరడానికి సోమవారమే ఆఖరు. నాకేమో రెండూ వచ్చునన్న ధీమా. గ్రంథాలయంలో గృహవైద్యం మీద ఉన్న లావుపాటి పుస్తకం మొదటి సంపుటం శ్రద్ధగా చదివేశాను. (రెండోది ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదు. అందుకని తల నుంచి ఛాతీ దాకా నాకు తెలియని రోగం లేదు, ఆ కింద సంగతి దేవుడికెరుక.) వ్యాపారం మీద కూడా ఓ పుస్తకం సగం చదివాను.

"ఆదివారం నా గిర్నీల కూసోబెట్టు, ఏం పిల్లనో తెలుస్తది" అన్నాడు మామ. కూర్చోబెట్టారు. "నేను చాయ్ తాగొస్త, ఒక్కొక్కరిది పట్టు, గంతే" అని ఆయన వెళ్లిపోయాడు. ఉన్నది ఒక్కటే యంత్రం కాబట్టి గోధుమలూ జొన్నలూ ముందు పట్టి, మిరపకాయలు పొద్దుగూకే ముందు పట్టాలన్న సంగతి మాత్రం చెప్పలేదు. (చెప్పాల్సినంత విషయం అని ఆయన అనుకోలేదు.) వరసలో మొదట నిలబడ్డ అక్క సంచి నిండా ఎండుమిరపకాయలు. "మీ మామ పొద్దూకి రమ్మంటడు బిడ్డా. ఇయ్యాల నువ్వున్నవని జల్ది ఒచ్చిన" అంది. "ముందొచ్చినోళ్లకే ముందు అక్కా, పుస్తకంల గట్లనే ఉంది" అని గర్వంగా పోశాను.

ఆమె వెనక నిలబడ్డ ఆంటీ, నాన్న స్నేహితుడి భార్య, కోస్తా నుంచి వచ్చినావిడ, తుమ్మడం మొదలుపెట్టింది. నాలో డాక్టర్ లేచింది.

"ఎప్పటి నుంచి ఉన్నాయి ఆంటీ ఈ తుమ్ములు?"

"ఇప్పుడేనమ్మా, నువ్వు మిషన్ వేశాకే."

"లోపల ఎప్పటి నుంచో ఉండుంటది" అంటూ ఆవిడ నుదుటి మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, "నొప్పిగా ఉందా?" అన్నాను.

"అలా నొక్కితే ఎవరికైనా ఉంటుంది కదే తల్లీ!"

సైనస్ అని తేల్చేశాను. ముదిరితే ఆపరేషన్ కూడా ఉండొచ్చని నెమ్మదిగా, పుస్తకంలో రాసినంత దయగా చెప్పాను. ఆ దయలోనే ఆవిడ గోధుమల్ని కారం దిగిన యంత్రంలోనే పోశాను. తర్వాత ఇంకో ముగ్గురివి. పిండి లేత ఎరుపుగా, చూడముచ్చటగా వచ్చింది.

సాయంత్రం ఆంటీ భర్త కళ్ల నీళ్లతో మా ఇంటికొచ్చాడు. "చపాతీ ఒక్క ముక్క తిన్నానండీ, అంతే. ఆవిడేమో తినకుండానే ఏడుస్తోంది, ఆపరేషన్ అని" అన్నాడు. ఆయన వెళ్లగానే అసలు పంచాయితీ మొదలైంది. గిర్నీ మూసి వచ్చిన మామ దండం పెట్టి, "నువ్వన్నదే కరెక్టు బావా. దీన్ని డాక్టర్నే జెయ్యి, నా గిర్నీ దిక్కు రానియ్యకు" అన్నాడు. నాన్న ఒప్పుకుంటేగా! "ఏం డాక్టర్‌రా బామ్మర్దీ? మంచిగున్న మనిషిని ఆపరేషన్ దాంక తీస్కపోయింది. బీకామే నయం." "నయమా? నలుగురి పిండి ఇప్పుడు నేనియ్యాలె!" పొద్దుటి దాకా నన్ను చెరో వైపు లాగినవాళ్లు, ఇప్పుడు చెరో వైపు నెట్టుకుంటున్నారు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "మీరిద్దరు జర ఆగుండ్రి. నీకేం గావాలె బిడ్డా?"

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. చదివినదేదీ గుర్తు రాలేదు. ఎదుటి మనిషిని "ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగినప్పుడు కలిగిన సంతోషం ఒక్కటే గుర్తొచ్చింది. "డాక్టరే" అన్నాను, నాకే వినపడనంత సన్నగా.

"అయితే బీయస్సీల చేరు. సీటొచ్చేదాంక మాత్రం ఎవ్వరి నుదురు ముట్టకు" అంది అమ్మ.

సోమవారం చేరాను. ల్యాబ్‌కు కుట్టించిన తెల్లకోటు కాలేజీలో వేసుకుంటే చాలు, కానీ నేను నాచారం బస్టాపు నుంచే వేసుకుని ఎక్కేదాన్ని. ఒకరోజు పక్కన కూర్చున్న ముసలమ్మ కోటు అంచు తడిమి, "డాక్టర్‌వా బిడ్డా?" అంది. "ఇంకా కాలేదవ్వా" అన్నాను. తర్వాత రెండుసార్లు రాసినా సీటు రాలేదు, మరో ఉద్యోగంలో జుట్టు నెరిసింది. అయినా తెల్లకోటులో చెమటలు కక్కుతూ, అంత నమ్మకంగా "ఇంకా" అన్న ఆ పిల్లను తలచుకుంటే నాకిప్పటికీ ముద్దొస్తుంది.