పిల్లి బరువు, నా బరువు, నర్సమ్మ గారు

నివాస సముదాయంలో ఎవరైనా మరణించినప్పుడు సంఘం కార్యదర్శి ముందుగా సంతాప ప్రకటన జారీ చేయాలి. అందులో ఫ్లాట్ నంబరు ఉండాలి, కన్నీళ్లు ఉండరాదు. ఈ పద్ధతిని రూపొందించినది నేనే. గత సోమవారం మా మూడో అంతస్తు నర్సమ్మ గారు నిద్రలోనే కన్నుమూశారని వారి అల్లుడు ఫోన్ చేసినప్పుడు, నిబంధన రెండో భాగాన్ని పాటించలేకపోయానని సభ్యులకు సవినయంగా నివేదిస్తున్నాను.

ఆమె సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఎవరు ఎదురైనా ముందు చేతి నరం చూసేవారు, తర్వాతే ముఖం.

నిరుడు మా కోకాపేట బేస్‌మెంట్‌లో తిరిగే నారింజ రంగు పిల్లికి పొట్ట ఉబ్బింది, తిండి మానేసింది. ఇది పిల్లులకు వచ్చే ఒక రకం కరోనా అనీ, మందు పడకపోతే బతకదనీ, పన్నెండు వారాలు రోజూ ఒకే వేళకు సూది వేయాలనీ, మోతాదు బరువును బట్టి ఉంటుందనీ చందానగర్ పశువైద్యుడు చెప్పాడు. ఇందులో ‘కరోనా’ ఒక్కటే నా చెవిన పడింది. బేస్‌మెంట్‌లో మాస్కు తప్పనిసరి చేస్తూ సర్క్యులర్ జారీ చేశాను.

నర్సమ్మ గారు ఆ కాగితం పట్టుకొని వచ్చారు.

“ఏంది సారూ ఇది? గిది పిల్లులకొచ్చే రోగం. మీకేమన్న తోకున్నదా?”

లేదని అంగీకరించాను.

“అయితే మాస్కు తీసి పిల్లిని పట్టుకోండ్రి. సూది నేనేస్త. ఫికర్ మీ దగ్గర ఉంచుకోండ్రి.”

ఆ విధంగా, ప్రతి ఉదయం ఆఫీసు క్యాబులు కదిలేలోపు, పిల్లిని పట్టుకునే బాధ్యత నాకు సంక్రమించింది. సూది మంటకు అది నన్ను గీరేది. ఆమె దాన్నే ఓదార్చేవారు: “అయిపాయె బిడ్డా, అయిపాయె.”

ఆదివారం బరువు చూడాలి. పిల్లి మిషన్ మీద నిలబడదు కనుక, దాన్ని ఎత్తుకొని నేనెక్కి, వచ్చిన అంకెలోంచి నా బరువు తీసివేసేవాళ్లం. నా బరువుగా కంపెనీ వైద్య పరీక్ష పత్రంలోని అంకెను సమర్పించాను. పత్రం ఉండగా మళ్లీ తూగడం అనవసరమని నా నమ్మకం. మూడో వారానికి పిల్లి కిలో పెరిగింది. వాట్సాప్ గ్రూపులో అభినందనలు వెల్లువెత్తాయి.

నర్సమ్మ గారు దాని వీపు తడిమారు. “వెన్నుపూస చేతికి తగులుతున్నది. కిలో ఏడికెల్లొచ్చింది? సారూ, జర మీరొక్కరే ఎక్కుండ్రి.”

ఎక్కాను. ఆమె అంకె చూశారు, తర్వాత నా పొట్ట చూశారు.

“పిల్లి పెరగలే. మీరు పెరిగిండ్రు.”

నిజానికి పిల్లి తగ్గింది. నా క్యాంటీన్ భోజనాల చాటున అది చచ్చిపోతోంది.  ఆమె అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసి, మందు చాలడం లేదని చెప్పి మోతాదు పెంచించారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ముందు నేను తూగాలి, ఆ తర్వాత నేనూ పిల్లీ.

ఐదో వారంలో అది నా చేతిని గట్టిగా కొరికింది.

“ఇగ బతుకుతది!” అన్నారామె మురిసిపోతూ, నా గాయం మీద దూది ఒత్తుతూ. బతికింది.

నిన్న అల్లుడు గారు బేస్‌మెంట్‌లో ఉన్న ఆమె స్కూటర్ తీసుకెళ్లడానికి వచ్చారు. సీటు మీద పిల్లి బొద్దుగా పడుకొని ఉంది. ఆయన హారన్ కొట్టారు. అది ఒక చెవి కదిపింది. కార్యవర్గం అక్కడే నిలబడి ఏకగ్రీవంగా తీర్మానించింది: పిల్లి తనంతట తాను దిగనిదే వాహనం కదలరాదు. ఆకలి కారణంగా దిగవలసిన అగత్యం కలగకుండా, పూటపూటా గిన్నెను సీటు వద్దకే చేర్చవలెను. ఇదే తుది నిర్ణయం; దీనిపై అప్పీలు లేదు.