తెర దించిన కచ్చరం

పెళ్లికి ముందు ఒక పరాయి మగమనిషితో ఒకే కచ్చరంలో, తెర దించుకుని, జడ్చర్ల స్టేషను దాకా ప్రయాణం చేశాను. ఈ మాట నా నోటితో ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. నన్ను కన్న బాపుకూ అవ్వకూ మాత్రమే తెలుసు. మాలో మేము కూడా మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మా ఊళ్లో మొదట ఎడ్ల కచ్చరాలే ఉండేవి. ఆడవాళ్లు ఎక్కితే ముందూ వెనకా తెర దించేవారు. తెర దించిన బండిలోకి మగవాళ్లెవరూ తొంగిచూడరు, అది మా వైపు మర్యాద. యుద్ధం రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సు వచ్చింది. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్లు దిగి నెట్టేవారు. ఆ తర్వాత ఒక సాయిబు టాంగా తెచ్చాడు. బాపు నన్ను బడికి అందులోనే పంపేవాడు. కొట్టంలో మూలకు పడిన మా కచ్చరాన్ని చూసి సాయిబు ఎగతాళి చేసేవాడు.

"మీ ఎడ్లు టేషన్ చేరేవరకు రైలు హైదరాబాద్ పోయి మల్లొస్తది పటేలా."

"నీ గుర్రం ఒక్కటి తినేది నా ఎడ్లు రెండు తినవు సాయిబూ," అనేవాడు బాపు.

నేను మాత్రం ఏనాడూ సాయిబుతో ఒక్క మాట మాట్లాడలేదు. పుస్తకంలో తల దూర్చి కూర్చునేదాన్ని.

పోలీస్ యాక్షన్ అయ్యాక, రజాకార్ల మీది కోపం ఏ పాపం ఎరుగని సాయిబుల ఇండ్ల మీదకు మళ్లింది. ఆయన భార్యాపిల్లలు ముందే హైదరాబాద్ చేరారు. ఆయన గుర్రాన్ని వదిలేసి, పెరటి గోడ దూకి మా ఇంట్లోకి వచ్చాడు. బాపు వడ్ల అర్రలో దాచాడు. లోపల ఆయనకు దగ్గు వస్తే, బయటికి వినబడకుండా అవ్వ ఉత్త రోలు దంచేది.

దాచలేకపోయింది గుర్రాన్నే. పొద్దున బడి వేళకు అది తనంతట తానే వచ్చి మా వాకిట్లో నిలబడేది. వెనక టాంగా లేదు, మెడలో గంటలు మాత్రం ఉన్నాయి. ఎంత అదిలించినా పోదు. ఇప్పటికీ ఆ వేళకు గంటలు వినబడినట్టయి, చేతిలో పని ఆపి వాకిలి వైపు చూస్తాను.

"ఏమవ్వా, గుర్రం మీ వాకిలి ఇడుస్తలేదు. సాయిబు గిట్ల లోపలున్నడా ఏంది?" అని అడిగాడు పక్కింటాయన.

"మా పోరిని బడికి తోల్కపోను వచ్చిందిరా. రాజ్యం మారిందని దానికెవలు చెప్పాలె?" అంది అవ్వ.

ఆయన నవ్వాడు. కాని పోతూ పోతూ మా అర్ర దిక్కు చూశాడు.

ఆ మధ్యాహ్నమే బాపు కచ్చరం బయటికి తీశాడు. అనుమానం రాకుండా అవ్వ వాకిట్లో అందరికీ కనబడేలా కూర్చుంది. సాయిబు బండి వెనక భాగంలో ముడుచుకుని పడుకుంటే, మీద బొంత కప్పి, ఆయనకు అడ్డంగా నన్ను కూర్చోబెట్టారు.

"ఎవలన్న ఆపితే లోపలికెల్లి ఆడగొంతు ఇనవడాలె బిడ్డా," అన్నాడు బాపు తెర దించుతూ.

వాగు దాటగానే కట్టెలు పట్టుకున్న మనుషులు ఆపారు.

"లోపలెవలు?"

"నా బిడ్డ. పానం బాగలేదు, దవాఖానకు తోల్కపోతున్న," అన్నాడు బాపు.

"బిడ్డనే అయితే మాట్లాడమను."

బడిలో పద్యం ఒప్పజెప్పడానికే చెమటలు పట్టేవి నాకు. నా వెనక బొంత కింద ఊపిరి ఆగిపోయింది. అది మళ్లీ ఆడుతుందా లేదా అన్నది నా నోట్లో ఉంది.

"బాపూ, కడుపుల తిప్పుతాంది. జర జల్ది తోలు," అన్నాను. అది నిజమే.

"పోనియ్యిరా, పోరి కక్కేటట్టున్నది," అన్నాడు ఒకడు.

స్టేషను వెనక బండి ఆగింది. రైలు పొగ వాసన వచ్చింది. వెనక తెర కదిలి, ఆయన దిగాడు. ఒక్కసారి చూద్దామని నేను తెర అంచు పట్టుకున్నాను. అవతలి నుంచి ఆయన కూడా దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఎత్తకు బేటీ. నేను రైలెక్కిన్నో లేదో నువ్వు జూడకు. జూడకుంటే, రేపెవలడిగినా నీ తాన చెప్పేతందుకు ఏముండది."