ముట్టుకోకూడని తొట్టి

ఆంజనేయప్రసాద్ గారు పక్కన పోల్చడానికి ఇంకొకటి లేకుండా దేన్నీ నమ్మరు. కాఫీ బాగుందా అంటే పంచదార వెయ్యని కప్పు ఇంకొకటి పెట్టమంటారు. మాత్ర వేసుకుంటే తలనొప్పి తగ్గిందని ఒప్పుకోరు, వేసుకోకపోతే ఎలా ఉండేదో తెలియదు కదా అంటారు. ఒకసారి వాళ్లావిడ సుధామయి ఆంటీ కొత్త చీర కట్టుకుని ఎలా ఉన్నానని అడిగారట. పాత చీరలో ఇంకో సుధామయి పక్కన నిలబడితే చెప్తానన్నారట. ఆ పూట ఆయనకు అన్నం లేదు. ఆకలి అందువల్లే వేస్తోందని కూడా ఆయన ఒప్పుకోలేదు, పక్కింటాయన తిన్నాడో లేదో కనుక్కోవాలన్నారు.

ఇదంతా ఆయన చేసే పని వల్ల వచ్చిన జబ్బు. కెనడాలోని మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్ల మధ్య ఉన్న, ఆయనా నేనూ పనిచేసే ల్యాబుకు ఉత్తరాది గనుల నుంచి వాడేసిన నీళ్లు బకెట్లలో వస్తాయి. వాటిలో పది ట్రౌట్ చేపపిల్లల్ని వదిలి నాలుగు రోజులు చూస్తాం. సగానికి మించి చస్తే ఆ నీళ్లు పరీక్ష తప్పినట్టు. పక్కనే మంచినీళ్ల తొట్టిలో ఇంకో పది ఉంటాయి. దాన్ని కంట్రోల్ అంటారు. అందులోవి చచ్చాయంటే తప్పు మాది, పరీక్ష చెల్లదు.

నేను కాలేజీ మధ్యలో వదిలేసి ఆ తొట్లు కడగడానికి చేరాను. అంతకుముందు రెండు చోట్ల నన్ను పంపేశారు. ఇదీ పోతే నాన్న ముందు నిలబడలేను. ఆయన అప్పటికే నాతో మానేసి గోడతో మాట్లాడుతున్నారు. పనేమో, పొద్దున్నే వచ్చి ఎన్ని చచ్చాయో చూడటం. ఆ ఫిబ్రవరిలో ఆ చేపలకీ నాకూ పెద్ద తేడా కనిపించేది కాదు. నా బతుకు ఇంతే అంకుల్ అని ఒకరోజు ప్రసాద్ గారి దగ్గర వాపోయాను.

“ఎవరితో పోలిస్తే, కిట్టూ?” అన్నారాయన.

అలాంటి మనిషి మూల బెంచీ మీద తనకంటూ ఒక తొట్టి పెట్టుకున్నారు. మేం వాడే మంచినీళ్లే, మా చేపలే. కడగడం, నింపడం మాత్రం ఆయనే. నేను దగ్గరికెళ్తే ముట్టుకోకు అనేవారు. ఎందుకని అడిగితే, నువ్వు చెయ్యి పెట్టనిది ఒకటుండాలి అనేవారు. తొట్టి కడగడానిక్కూడా నన్ను నమ్మరా అని ఒళ్లు మండేది. 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా ఆయన్ని తిట్టుకునేవాణ్ణి.

ఒక సోమవారం వచ్చేసరికి కంట్రోల్ తొట్టిలో చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. గని నీళ్లలోవి మాత్రం హాయిగా ఈదుతున్నాయి.

మేనేజర్ మహీధర్ గారు తొట్టి వంకా, నా వంకా చూశారు. సబ్బు పోయేలా కడగలేదన్నారు. గనివాళ్లకు ఏ మొహం పెట్టుకుని మళ్లీ నీళ్లు పంపమని చెప్పాలన్నారు. చదువు మానేసినవాణ్ణి పెట్టుకుంటే ఇంతే అని కూడా అన్నారు. నేను మనసులో అప్పటికే లాకరు ఖాళీ చేసేశాను.

ప్రసాద్ గారు తాపీగా లేచారు.

“మహీధర్, ఇలా వచ్చి ఇదీ చూడు.”

మూల తొట్టిలోనూ ఒక్క చేప మిగల్లేదు.

“ఇది మీ తొట్టి కదండీ?”

“నాదే. కిట్టుగాణ్ణి దీని దరిదాపులకు రానివ్వలేదు. వాడి చేతి సబ్బయితే ఇవెందుకు చస్తాయి? నీళ్లు చూడు.”

చూశారు. కుళాయి నీళ్లలో చేపల్ని చంపే క్లోరిన్‌ను తీసేసే ఫిల్టరు పాడైపోయింది. మహీధర్ గారు ఫిల్టరు వాళ్లకు ఫోన్ చేస్తూ వెళ్లిపోయారు. ఈ దేశంలో నా తరఫున సాక్ష్యం చెప్పినవి ఆ చచ్చిన చేపపిల్లలే.

ఆ ఆదివారం ప్రసాద్ గారు భోజనానికి పిలిచారు. కొత్తగా ఎవరు చేరినా ఆయన అలా ఒక తొట్టి పెడతారని అక్కడ ఆంటీ చెప్పారు.

“ఏం చెడినా ముందు కొత్తవాడి మీదకే వస్తుంది నాయనా. మొదట్లో ఈయన్ని కూడా ఒకచోట అలాగే పంపేశారు. అప్పుడు పక్కన ఏ తొట్టీ లేదు.”

నేను ఆగలేకపోయాను. “అంకుల్, సబ్బు నేను వదల్లేదని మీకు ముందే నమ్మకమా?”

ఆయన పప్పు కలుపుకుంటూనే అన్నారు.

“నమ్మకమని ఎలా అంటాను? నువ్వెలాంటివాడివో తేలాలంటే నీలాంటివాడు ఇంకొకడు కావాలి. నీలాంటివాళ్లిద్దరికి వండటం మీ ఆంటీ వల్ల కాదు. అందుకని పోల్చి చూడటానికి వచ్చే ఆదివారం కూడా నువ్వే రా.”